మిగిలిన నాలుగు చోట్లు

పోయిన నెల మా మెయిలింగ్ లిస్టులో, అంటే ఒకరు రాస్తే అందరికీ చేరే ఈమెయిళ్ల గుంపులో, ఎవరో కొత్తతను ఓ ప్రశ్న అడిగాడు. "మీ టూల్‌కిట్‌ను కంపైల్ చేయాలంటే సి ప్లస్ ప్లస్ భాషలో కనీసం ఏ వెర్షన్ ఉండాలి? అంత కొత్తది ఎందుకు?" తరచూ వచ్చే ప్రశ్నే. జవాబు ఒక్క వాక్యం, దాన్ని నేనే చాలాసార్లు రాశాను. ఈసారి మాత్రం కీబోర్డు మీద వేళ్లు పెట్టి అట్లాగే కూర్చుండిపోయాను. మా ఆవిడ చాయ్ పెట్టి వెళ్లింది, అది చల్లారి మీగడ కట్టింది, నేను ఇంకా ఆ "ఎందుకు" దగ్గరే ఉన్నాను. పెంచిన రోజున అంత కొత్తది అక్కర్లేదని నాకు తెలుసు. ఎల్లారెడ్డిలో ఇంకొకాయనకు కూడా తెలుసు. ఆయన ఇప్పుడు లేడు.

ముందు నా పని సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు సంగతి అర్థం కాదు. కంప్యూటర్ తెర మీద మీరు నొక్కే బటన్, రాసుకునే పెట్టె, పైకీ కిందికీ జరిపే పట్టీ, ఇవన్నీ ఎవరో గీసి పెట్టాలి. ప్రతి ప్రోగ్రామూ వాటిని మొదటినుంచి గీసుకునే బాధ లేకుండా, అన్నీ తయారుగా ఉంచిన సామాను సంచినే టూల్‌కిట్ అంటారు. అట్లాంటి చిన్న సంచి ఒకదాన్ని తలా ఒక దేశంలో ఉన్న పదిమందిమి జీతం లేకుండా నడుపుతుంటాం. అందులో నేనొకణ్ని. జీతమిచ్చే ఉద్యోగం వేరే ఉంది, దాన్ని కామారెడ్డిలో ఇంటి నుంచే చేస్తాను.

ఆ సంచిని నాకు మొదట చూపించింది సార్. పేరు రాయను. రాసే అర్హత నాకు లేదని ఈ ముక్కలన్నీ చదివాక మీరే అంటారు.

ఎల్లారెడ్డిలో బస్టాండు దాటి కొంచెం నడిస్తే, రేకుల కప్పున్న రెండు గదుల్లో ఆయన కంప్యూటర్ సెంటర్. అందులో పన్నెండు కంప్యూటర్లుండేవి. ఒక్కటీ కొత్తది కాదు. మూసేసిన ఆఫీసుల నుంచీ, సామాను మార్చేసిన బడుల నుంచీ అడిగి తెచ్చుకున్నవి. ఏది ఏ ఊరినుంచి వస్తే దానికి ఆ ఊరి పేరు. పోచారం ఆ ఊరి చెరువులాగే మెల్లగా నిండేది. స్విచ్ వేసి, బయటికి పోయి చాయ్ తాగి వస్తే తప్ప తెర మీద ఏదీ కనబడదు. నిండిందంటే మాత్రం సాయంత్రం దాకా ఆగదు. జుక్కల్ సరిహద్దు ఊరు, అక్కడినుంచి వచ్చినదాని కీబోర్డు మీద ఎవరో కన్నడ అక్షరాలూ మరాఠీ అక్షరాలూ అంటించి ఉంచారు. "ఇది మూడు భాషలు మాట్లాడ్తది, మనకే ఒక్కటి సక్కగ రాదు" అనేవాడు సార్. లింగంపేట తెర కాస్త పచ్చబడి ఉండేది. పిల్లలు లోపలికి వస్తూనే "సార్, జుక్కల్ ఖాళీ ఉన్నదా? నిన్న పోచారంల కూసున్న, ఇయ్యాల వద్దు" అనేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు ఇది సెంటరో బస్టాండో తెలియక బిక్కమొహం వేసేవాళ్లు.

ఆయన ముందు "సిస్టమ్ పోయింది సార్" అనకూడదు. "అది యాడికి పోలే. నువ్వేం చేసినవో చెప్పు ముందుగాల" అనేవాడు. తెర మీద ఎర్రర్ వస్తే మేము బెదిరిపోయి అది కనబడిన విండోను, అదే తెర మీది కిటికీని, మూసేసేవాళ్లం. ఆయన కుర్చీ గుంజుకుని కూర్చుని, భుజం మీది తువ్వాలతో తెర తుడిచి, ఆ ఎర్రర్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పద్యం చదివినట్టు గట్టిగా చదివేవాడు. సగం చదివేసరికే తప్పు ఎక్కడుందో మాకు తెలిసిపోయేది. "మిషిన్ అబద్ధమాడదు. మనమే సగం సదివి ఆపుతం" అనేవాడు. పదిహేనేళ్ల నౌకరీలో ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఎవరూ చెప్పలేదు.

కోడ్‌ను తెర మీద దిద్దడం ఆయనకు తృప్తి కాదు. పాత పరీక్ష కాగితాల వెనకవైపు అచ్చువేసి, ఎర్రపెన్ను పట్టుకుని దిద్దేవాడు. బాగున్న చోట టిక్కు. బాగాలేని చోట కొట్టివేత ఉండదు, చుట్టూ ఒక సున్నా ఉంటుంది. "తప్పని రాస్తే పిల్లలు భయపడ్తరు. సున్నా సుడితే అండ్ల ఏమున్నదో అని సూస్తరు" అనేది ఆయన లెక్క.

నేను ఇంటర్‌లో లెక్కలు తప్పి, ఇంట్లో మొహం చూపించలేక ఆయన దగ్గర చేరినవాణ్ని. నెల రోజులు పోచారం ముందు కూర్చుని, తెర మీద ఒక చిన్న కిటికీ, అందులో ఒక బటన్ తెప్పించాను. బటన్ నొక్కితే కిటికీ మూసుకుంటుంది. అంతే, ఇంకేమీ కాదు. సార్ పక్కగదిలో ఉన్నవాళ్లందరినీ పిలిచి ఒక్కొక్కరితో ఆ బటన్ నొక్కించాడు. "తలుపు పెట్టిండు, తలుపు మూసిండు. లెక్కలు రావంట ఈనికి!" అని నవ్వాడు. ఆ కిటికీ గీసింది ఇప్పుడు నేను నడుపుతున్న టూల్‌కిట్‌తోనే. చిన్నది, తక్కువ తింటుంది, తన ముసలి మిషిన్ల మీద కూడా నడుస్తుంది అని ఆయన ఏరి పెట్టుకున్నాడు. ఆయన దగ్గర మొదలైన పిచ్చితోనే నేను తర్వాత ఆ పదిమందిలో చేరాను.

కొత్త వెర్షన్ దేనికి వచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "పాతది నడుస్తుందా?" నేను వచ్చిన కొత్త సంగతులన్నీ ఏకరువు పెడుతుంటే చేయెత్తి ఆపేవాడు. "ముందు పాతది నడవాలె, అటెన్క కొత్తది ఉరకాలె." అప్పుడు నవ్వేవాణ్ని.

మూడేళ్ల కింద ఆయన కిడ్నీలు చెడ్డాయి. వారానికి రెండుసార్లు కామారెడ్డికి వచ్చి డయాలిసిస్ చేయించుకోవాలి. ఎల్లారెడ్డిలో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని, మళ్లీ బస్సెక్కి పోయి మధ్యాహ్నం క్లాసు చెప్పేవాడు. మంగళవారం నేను వెళ్లి ఓ గంట ఆయన పక్కన కూర్చునేవాణ్ని. ఒక చేతికి సూదులుంటాయి, అది కదలకూడదు. రెండో చేత్తో కాగితాలు పట్టుకునేవాడు, నేను తిప్పేవాణ్ని. పక్క కుర్చీల్లోవాళ్లు టీవీ చూస్తుంటే మేము కోడ్ చూసేవాళ్లం. అక్కడి నర్సమ్మ "ఇంజనీర్ సార్లు వచ్చిండ్రు" అనేది.

అప్పుడే రాజమణి సంగతి చెప్పాడు. లింగంపేటలో ఉంటుంది, ముప్పై దాటిన మనిషి. పొద్దంతా బీడీలు చుట్టి, మధ్యాహ్నం బస్సెక్కి ఎల్లారెడ్డికి వచ్చి టైపింగ్ నేర్చుకుంటుంది. మండలంలో ఆపరేటర్ పోస్టుకు పరీక్ష పెడతారట, ఆమె ఆశ దాని మీద. చిన్నప్పటినుంచి చూపు తక్కువ. మందపాటి అద్దాలున్నా మామూలు అక్షరం ముక్కు ఆనిస్తే తప్ప కనబడదు. "పరీక్షల పెద్ద అక్షరం అడిగే హక్కు ఉన్నది ఆమెకు. నేర్సుకునే కాడనే లేదు" అన్నాడు సార్. టైపింగ్ నేర్పే ప్రోగ్రాం ఆయనే రాశాడు, మా టూల్‌కిట్‌తోనే. అందులో అక్షరం ఒక్కటే పెంచితే పెట్టెలోంచి బయటికి పొర్లిపోతుంది. అక్షరం, పెట్టె, బటన్ అన్నీ ఒకే పాళ్లలో పెరగాలి. ఆ పని టూల్‌కిట్ చేయాలి.

రాబోయే వెర్షన్‌లో సరిగ్గా ఆ పని చేసి పెట్టాం. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మీదున్నదంతా పెరుగుతుంది. ఆయనకు ఎంత సంతోషమో! కానీ అదే వెర్షన్‌లో ఇంకోటి కూడా వచ్చింది. లైనక్స్‌లో తెరను నడిపే పద్ధతి మారుతోంది, పాతది పోయి కొత్తది వస్తోంది. అప్పటిదాకా మా టూల్‌కిట్ కొత్త తెరతో నడుమ ఒక దుబాసీని పెట్టుకుని మాట్లాడేది. ఇక నేరుగా మాట్లాడాలని మాలో ఒకతను ఆ భాగం రాశాడు. బాగా రాశాడు. అయితే సి ప్లస్ ప్లస్ భాష కూడా కొన్నేళ్లకోసారి కొత్త వెర్షన్‌గా వస్తుంది. అతను కొత్త వెర్షన్‌లోని సౌకర్యాలన్నీ వాడుకుని రాశాడు, అదీ పాత తెరకూ కొత్త తెరకూ ఉమ్మడిగా ఉన్న చోట రాశాడు. రాసిన కోడ్‌ను మిషిన్ భాషలోకి మార్చేది కంపైలర్, సార్ మిషిన్లలో ఉన్న పాత కంపైలర్‌కు ఆ మాటలు అర్థం కావు. అంతకంటే కొత్త కంపైలర్‌ను ఆ మిషిన్లు మోయలేవు. కొత్త తెర ఆయనకు అక్కర్లేదు, పెద్ద అక్షరం కావాలి. కానీ రెండూ ఒక మూటలోనే ఉన్నాయి.

ఒక మంగళవారం పోయేసరికి ఆయన ఒళ్లో కాగితాల కట్ట ఉంది.

"ఏడే చోట్ల రా," అన్నాడు నేను కూర్చోకముందే. "మొత్తం సదివిన. కొత్త వెర్షన్ లేకుంటే నడవనిది ఏడే చోట్ల ఉన్నది. మూడు చోట్ల పాత తీరుగ రాసిన, సూడు."

చూశాను. మూడు చోట్లా ఎర్ర టిక్కులు. నిజంగానే నడుస్తుంది. పది లైన్లలో మావాడు చేసిన దాన్ని సార్ ఇరవై లైన్లలో చేశాడు, కానీ చదివితే ఇంటర్ పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

"నాలుగు మిగిలినయ్," అన్నాడు. వాటి చుట్టూ సున్నాలున్నాయి. "అవి తెర లోపలి సంగతులు. నాతోని అయితదో కాదో. నీకైతే తెలుసు. అవి జేసి మీ అసలు దాంట్లనే పెట్టుండ్రి. నా దాంట్ల నేను అతుకు ఏసుకుంటే నేనున్నన్ని దినాలే. అసలు దాంట్ల పెడితే నేను లేకున్నా నడుస్తది."

"చూస్తా సార్," అన్నాను.

మా దిక్కు పెద్దవాళ్ల మొహం మీద కాదు అనం. చూస్తా అంటాం. అన్నవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు, అక్కడితో ఆ సంగతి గౌరవంగా అయిపోతుంది. సార్‌కు మాత్రం ఆ మాట చాల్లేదు.

"చూస్తా అంటే? అయితదా, కాదా?"

"అయితది సార్. ఆ నాలుగు నేనే చేస్తా. మావోళ్లకు కూడా నేనే చెప్తా."

"మరి ఇగ నేను ముట్ట. ఒక్క పనికి ఇద్దరు చేతులు పెడితే గజిబిజి అయితది." కాగితాలు నా ఒళ్లో పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆయన మొహం తేలికపడింది. నేను చేయనని ఆ క్షణానికే నాకు తెలుసు. ఆ సంగతి ఇప్పుడు ఎట్లా తిప్పి రాద్దామన్నా వేరే విధంగా రావడం లేదు.

అదే వారం మా పదిమంది వీడియో సమావేశం జరిగింది. సి ప్లస్ ప్లస్ కనీస వెర్షన్ పెంచుదామా అన్న మాట వచ్చింది. "ఆ పాత కంపైలర్ ఇంకా వాడేవాళ్లు ఎవరున్నారు?" అని ఒకాయన అడిగితే అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. నేను అప్పుడు ఏడు చోట్ల సంగతి చెప్పాలి. మూడు చోట్ల కోడ్ నా పక్కనే బల్ల మీద ఉంది. నోరు తెరిస్తే ఆ కోడ్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. రేకుల గది, పచ్చబడ్డ తెరలు, బీడీల ఆడమనిషి అన్నీ నాతోపాటు ఆ సమావేశంలోకి వచ్చి కూర్చుంటాయి. ఏళ్ల తరబడి వాళ్లలో ఒకడినని నమ్మించుకుంటూ వచ్చినవాణ్ని. నాకు సిగ్గేసింది. దేనికి సిగ్గుపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. మర్నాడు లిస్టులో నేనే రాశాను, మంచి ఇంగ్లీషులో. "నాకు తెలిసినంతలో అట్లాంటి వాడకందారు ఒక్కరే ఉన్నారు. ఆయన యంత్రాలు పాత సామాను కొట్టుకు పోవలసినవి. ఒక్కరి కోసం అందరినీ ఆపలేం. మనం నడుపుతున్నది టూల్‌కిట్, మ్యూజియం కాదు." మ్యూజియం మాట అందరికీ నచ్చింది. నలుగురు మెచ్చుకుంటూ జవాబిచ్చారు. కనీస వెర్షన్ పెరిగింది. రెండు రోజులు ఆ మెప్పు నాకు తియ్యగా ఉండింది, అది కూడా రాయాలి కదా.

తర్వాతి మంగళవారం భయంభయంగానే వెళ్లాను. ఆయన ఒళ్లో కాగితాలు లేవు.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న సార్."

"పోచారం చెరువు అలుగు దుంకుతున్నదంట. బస్సుల చెప్తుండ్రు." కాసేపు వానల సంగతి మాట్లాడాడు. మక్క కంకులు ఈసారి బాగున్నాయన్నాడు. వెర్షన్ మాట ఎత్తలేదు. చదివి ఉండడు అనుకున్నాను. ఆయన లిస్టులో ఉన్నాడని తెలుసు, ఇరవై ఏళ్లుగా ఒక్క ముక్క రాయకుండా ఉన్నాడనీ తెలుసు. వచ్చినవన్నీ చదువుతాడా ఏమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పించుకున్నానని సంతోషపడ్డాను. లేస్తుంటే ఆయన మంచి చేత్తో నా చేయి పట్టుకుని "జాగ్రత్తగ పో" అన్నాడు. ఎదురుగా రోడ్డు దాటితే మా ఇల్లు.

ఆ తర్వాత మంగళవారాలు నాకు పనులు ఎక్కువయ్యాయి. పని ఉంది సార్, మీటింగ్ ఉంది సార్ అని మెసేజీలు పెట్టేవాణ్ని. ఆయన ప్రతిదానికీ "సరే బిడ్డా" అని జవాబిచ్చేవాడు. ఎండలు ముదిరినప్పుడు ఒకరోజు ఆయన నంబర్ నుంచే, ఆయన పోయాడని మెసేజీ వచ్చింది.

దినాలు అయ్యాక ఎల్లారెడ్డి వెళ్లాను. సెంటర్‌ను ఇప్పుడు అనిత నడుపుతోంది. ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన దగ్గరే పిల్లలకు చెబుతూ ఉండిపోయిన అమ్మాయి. నన్ను చూసి కుర్చీ వేసింది. బల్ల మీద కాగితాల దొంతర ఉంటే ఊరికే చేతిలోకి తీసుకున్నాను. పరీక్ష కాగితాల వెనక అచ్చువేసిన మా లిస్టు ఉత్తరాలు. కష్టమైన ఇంగ్లీషు మాటల కింద పెన్సిల్ గీతలు, పక్కన తెలుగు అర్థాలు.

"ఇవి ఎందుకమ్మా?" అన్నాను.

"మాకు ఇంగ్లీష్ పాఠం అన్నా. రోజొక్క ఉత్తరం. ఒకలు లేచి సదవాలె, అటెన్క తెలుగుల చెప్పాలె. మంది మాట్లాడుకునే ఇంగ్లీష్ గిట్లనే వస్తది అనెటోడు సార్."

 అడగకుండా ఉండలేకపోయాను. "నాది కూడా చదివిండ్రా?"

"మీయి మొదాలే సదివిపిచ్చెటోడు. మనోడు రాసిండు అని."

"ఆ... మ్యూజియం ఉత్తరం?"

అనిత నా మొహంలోకి చూడలేదు. "ఆ దినం నా వంతే అన్నా. నడుమ ఆగిన. సార్ ఆపనియ్యలే. 'సదువు, పూర్తిగ సదువు' అన్నడు. సదివిన. 'ఇగ తెలుగుల చెప్పు' అన్నడు. చెప్పిన."

"ఏమన్నడు?"

"ఉత్తరం నా చేతులకెళ్లి తీస్కున్నడు. అటెన్క పిల్లలందరికి చెప్పిండు. 'సూడుండ్రి, కాదు అని ఎంత సాఫ్ చెప్పిండో. తెలుగుల మనకు కాదు అనుడు చాతకాదు. మీరన్న నేర్సుకోండ్రి' అన్నడు. ఆ ఉత్తరాన్ని నోటుబుక్కుల రాసుకోమన్నడు."

రాసుకున్నారట. ఎల్లారెడ్డిలో పద్నాలుగు మంది పిల్లల నోటుబుక్కుల్లో నా ఉత్తరం ఉంది.

అనిత అల్మారాలోంచి ఒక కవరు తీసిచ్చింది. ఆ నాలుగు చోట్ల కాగితాలు, ఆయన దగ్గరున్న ప్రతి. నా ఉత్తరం వచ్చాక ఆయన మళ్లీ మొదలుపెట్టినట్టున్నాడు. మొదటి సున్నా పక్కన మూడు నాలుగు రకాలుగా రాసి చూసుకున్నాడు. అక్షరాలు వణికి ఉన్నాయి. రెండోదాని దగ్గర ఒక లైను రాసి ఆగిపోయాడు. మిగతా రెండు సున్నాలూ ఖాళీ.

ఆ కవరు తెచ్చుకుని ఆదివారం పొద్దున కూర్చున్నాను. మొదటి చోట ఆయన రాసిన నాలుగు రకాల్లో మూడోది సరైనదే, ఒక్క షరతు తప్పింది, అంతే. ఆ ఆదివారం రెండు అయ్యాయి. తర్వాతి ఆదివారం మిగతా రెండూ అయ్యాయి. అసలు టూల్‌కిట్‌లో ఇక పెట్టలేం, అది అప్పటికే కొత్త భాషలో చాలా దూరం పోయింది. ఈ సెంటర్ కోసం విడిగా ఒక ప్రతి చేసి పెన్‌డ్రైవ్‌లో ఎల్లారెడ్డికి పట్టుకుపోయాను. ఆయన వద్దన్న అతుకే అది. అనిత దాన్ని లింగంపేట అనే మిషిన్ మీద కంపైల్ చేసింది. ముప్పావుగంట పట్టింది. టైపింగ్ ప్రోగ్రాం తెరిచి రెండు మీటలు కలిపి నొక్కింది. అక్షరాలు, పెట్టెలు, బటన్లు అన్నీ ఒకే పాళ్లలో పెరిగి తెర నిండాయి. గది అవతలి గోడ దగ్గరున్న పిల్ల అక్కడినుంచే చదివింది.

"రాజమణక్క ఉంటే బాగుండు," అంది అనిత.

"ఏది ఆమె?"

"వస్తలేదన్నా. బంద్ చేసింది."

తిరిగి వచ్చేటప్పుడు లింగంపేటలో దిగాను. బీడీలు చుట్టే రాజమణి అంటే ఎవరికీ తెలియలేదు, అక్కడ బీడీలు చుట్టనివాళ్లు తక్కువ. సార్ దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న రాజమణి అంటే చూపించారు. వాకిట్లో వేపచెట్టు నీడన కూర్చుని ఉంది, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. అద్దాలు పక్కన గడప మీద పెట్టి ఉన్నాయి. నేను కామారెడ్డి నుంచి వచ్చాను, సార్ దగ్గర చదువుకున్నాను అని చెప్పాను.

"కంప్యూటర్ల పని చేసే పిలగాడు నువ్వేనా సారూ?" అంది. కూర్చోమని పీట జరిపింది.

పెద్ద అక్షరాల సంగతి చెప్పాను. ఇప్పుడు లింగంపేట మిషిన్‌లో అన్నీ పెద్దగా కనబడతాయి, రేపటినుంచి రావచ్చు అన్నాను. నా గొంతు నాకే ఎవరో సామాను అమ్మేవాడి గొంతులా వినిపించింది.

"పరీక్ష అయిపాయె గద సారూ. ఎండల్లనే అయిపాయె."

"రాసినవా?"

"పోలే. ముక్కు ఆనిచ్చి ఎంతసేపని కొడ్త. నాతోని నేర్సుకున్న పిల్ల పోయింది, ఆమెకు వచ్చింది." ఆమె చేతులు ఆగలేదు. ఆకు తీసుకోవడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. నేను ఆ చేతులనే చూస్తున్నట్టు ఆమెకు తెలిసినట్టుంది. "బీడీలకు కండ్లక్కర లేదు సారూ. చేతులే సూస్తయ్," అంది.

 ఆమే అంది, "ఉత్తరం సదివిన దినం నేను ఆడనే ఉన్న సారూ. నేనప్పుడే బంద్ చేస్త అన్న. ఇగ కాదట గదా, ఊకె బస్సు ఎక్కుడెందుకు అన్న. సారు బస్సు దాకా నాతోని నడిసొచ్చిండు. నడవరాకున్నా వచ్చిండు."

"ఏమన్నడు?"

"'ఉత్తరం ఇంగ్లీషుల వాళ్లకు రాసిండు. మాట నాకు తెలుగుల ఇచ్చిండు. నాకిచ్చిన మాటనే నిజం. నాలుగే చోట్లు మిగిలినయ్, మా పిలగాడు చేస్తడు, నువ్వు మానకు' అన్నడు. అందుకనే మల్ల ఏడెనిమిది నెలలు పోయిన. రోజు అడుగుదును. చేస్తుండు, చేస్తుండు అనెటోడు. ఆయన పోయినంక మానేసిన."

కట్టిన బీడీని కట్టలో పెట్టింది. మళ్లీ ఒక ఆకు తీసుకుంది.

"పెద్ద పనేమో, దినాలు పడ్తది అనుకున్న సారూ. ఎన్ని దినాలు పట్టింది ఆ నాలుగిటికి?"

ఏదైనా చెప్పవచ్చు. ఆమెకు తెలిసే మార్గం లేదు.

"రెండు ఆదివారాలు," అన్నాను.

మొదటిసారి ఆమె చేతులు ఆగాయి. గడప మీది అద్దాలు తడిమి తీసి పెట్టుకుని నా మొహంలోకి చూసింది. కోపం లేదు, నిజమా అని తెలుసుకుందామన్నట్టు చూసింది.

"గంతేనా?" అంది.

"గంతే," అన్నాను.